ముట్టుకోకుండా చూడటం

వరంగల్ చౌరస్తా దగ్గర మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర తెస్తే, దానికి సరిపోయే జాకెట్ ముక్క తీసి ఇస్తాం. ఏ గుడ్డయినా రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తే గాని నాకు నమ్మకం కుదరదు. "రోజూ రంగులల్లనే ఉంటవు, జర అసలు రంగులు చూద్దువు రా" అని మా ఆవిడ నన్ను అండమాన్ తీసుకెళ్లి, సముద్రంలో దిగే సూటు తొడిగించింది.

మమ్మల్ని దింపే గైడ్ తెలుగతనే. "అంకుల్, కింద ఏదీ ముట్టుకోవద్దు. పగడాలకు ప్రాణం ఉంటుంది" అన్నాడు.

"ముట్టకుంటే ఏం తెలుస్తది బిడ్డా?"

"ఊరికే చూడాలంతే."

నాకు ఒళ్లు మండింది.

కిందికి వెళ్లాక కోపం మరిచిపోయాను. వంగపండు రంగు ఒంటికి పసుపు తోక ఉన్న చేపలు! ఆ జోడీ నేను ఇన్నేళ్లలో ఎవరికీ చూపించలేదు. పక్కనే విసనకర్రలా విచ్చుకున్న పగడం, నెట్ గుడ్డంత సన్నటి అల్లిక. నా చెయ్యి దానంతటదే లేచింది. గైడ్ టక్కున మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

బుద్ధిగా చేతులు కట్టుకున్నాను. అప్పుడు వేలెడంత చేప ఒకటి నా చుట్టూ తిరిగి, సూటు అంచును నోటితో పట్టి, కాస్త లాగి చూసింది. నచ్చలేదేమో, మా దుకాణానికొచ్చే సగంమందిలాగే చక్కా వెళ్లిపోయింది.

దాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.