రాహుకాలం దాటాక ఎక్కిన బోటు

జయరాముడు మైకు పట్టుకుంటే బస్సులో ఒక్కడు నిద్రపోతే ఒట్టు. పెనుకొండలో యాత్రాబస్సులు నడిపేవాడు. హిందూపురం నుంచీ ధర్మవరం నుంచీ జనాన్ని పోగేసి శ్రీశైలం, మంత్రాలయం, రామేశ్వరం తిప్పుకొచ్చేవాడు. వంట నాది. స్టవ్వులూ గుండిగలూ బస్సు వెనక పడేసుకుని ఏళ్ళ తరబడి అతనితో తిరిగాను. ముదిగుబ్బ మెట్టచేలు రాగానే మైకులో మొదలుపెట్టేవాడు. "ఎడంచేతి పక్క సూడండప్పా... ఏమీ ల్యా! కుడిచేతి పక్క సూడండి... ఆడా ఏమీ ల్యా! ఇదే మన సీమ!" ఎన్నిసార్లు విన్నా పాడు నవ్వు ఆగేది కాదు.

ముహూర్తాలంటే అతనికి వెటకారం. రాహుకాలం, కాసేపు ఆగుదామని ఎవరైనా గొణిగితే, "దిగప్పా, రాహువును తోడు పెట్టుకోని ఎనక బస్సులో రా" అని డ్రైవరుకు ఈల వేసేవాడు. అట్లాంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి రాహుకాలానికి జడిశాడు. దాని సంగతే ఇది.

అతని భార్య హనుమక్క. హిందూపురం దగ్గర పెన్నేటి ఒడ్డున ఒక పల్లెలో పుట్టింది. ఒడ్డు అంటే ఒడ్డే, నీళ్ళు కాదు. ఆమె ఎరిగిన పెన్నేరంతా ఇసుకే. యాత్రల్లో నాకు కూరగాయలు తరిగిపెట్టేది. తొంభైతొమ్మిదిలో అనుకుంటా, చీకటి పడితే తడుముకోవడం మొదలుపెట్టింది. రేచీకటిలే అని క్యారెట్లు తినిపించాం. బెంగుళూరు డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, ఇది మందుకు లొంగేది కాదన్నాడు. రాత్రిచూపు పోయింది, పగటిచూపు కూడా చుట్టూ నుంచి మూసుకొస్తుంది, గొట్టంలోంచి చూసినంత మిగిలి, తర్వాత అదీ పోతుందన్నాడు.

ఇంటికొచ్చాక జయరాముడు అడిగాడు. "ఏం సూడాలనుండాదో చెప్పుమే. యాడికైనా తీసుకపోతా."

దేవుళ్ళందర్నీ ఎప్పుడో చూసేసింది కదా, ఆమె వేరే కోరిక కోరింది. "ఏరు సముద్రంలో కలిసేది సూడల్ల మామా. మన ఏరు యాడికి పోతాందో, అసలు పోతాందో లేదో నాకు దెలీదు. నిండు ఏరు, యాదైనా సరే."

ఆ వారమే జయరాముడు రైళ్ళు మారి కాకినాడ పోయాడు. తిరిగొచ్చి నా వంటింటి గోడ మీద బొగ్గుతో బొమ్మ గీశాడు. ఇది మడ అడవి, ఇవి కాలువలు, ఈడ బోటు ఎక్కేది, ఈడ నీటికుక్కలు, ఈడ గూడబాతులు, చలికాలంలో యాడెక్కడి పక్షులో వచ్చి దిగుతాయి, ఇదో ఈ కొసన గోదావరి సముద్రంలో పడేది. గోడ పాడుచేశావని తిట్టాను గానీ, ఆ బొమ్మను చెరపబుద్ధి కాలేదు.

ప్లాను బాగుంది, జనమే రాలేదు. ఆ ఏడు వేరుశెనగ ఎండింది. "చేన్లో కాయ లేనోనికి బోటు యాడిదబ్బా?" అన్నారు నల్లమాడ రైతులు. మరుసటేడూ అంతే. ఈలోగా ఒక యాత్రలో వడ్డిస్తూ హనుమక్క సాంబారు ఆకులో కాకుండా మనిషి తొడమీద పోసింది, నవ్వుతూ సర్దుకుంది, తర్వాత గుండిగ చాటున కూర్చుని ఏడ్చింది. జయరాముడు పిచ్చెత్తినట్టు తిరిగాడు. అన్నవరం, ద్రాక్షారామం కలిపి, హిందూపురం బట్టల షాపు భాస్కరయ్య కాళ్ళావేళ్ళా పడి, రెండువేలమూడు చలికాలానికి బస్సు నింపాడు.

బోటెక్కేది శనివారం. బోటు నడిపే సరంగు ముందే చెప్పాడు. "తొమ్మిదికల్లా ఎక్కేయాలండి. సముద్రం పోటు మీద లోపలికెళ్ళిపోవాలి. ఆలస్యమైతే నీళ్ళు వెనక్కి తీసేస్తాయండి."

ఉప్మాలు తిని అందరం ఒడ్డున సిద్ధంగా నిలబడ్డాం. నీళ్ళు గట్టు అంచు దాకా ఉన్నాయి. జయరాముడు వాచీ చూసుకున్నాడు. "శనివారం తొమ్మిదింటికి రాహుకాలం. పదిన్నర దాటినాక ఎక్కుదాం" అన్నాడు.

తమాషా చేస్తున్నాడనుకున్నాం. "ఏమప్పా జయరాముడూ, మాకు లేని రాహుకాలం నీకేంది?" అన్నాడు భాస్కరయ్య. నేనూ నాలుగు తిట్టాను. నన్ను పక్కకు లాక్కుపోయాడు. "మారక్కా, నా పనైతే రాహువు నెత్తినెక్కి పోతా. ఇది దాని కండ్ల పని. ఇంగో తూరి రాదు. ఒక్క వంక గూడా ఉండగూడదు."

సరంగు మళ్ళీ వచ్చి నీళ్ళు ఆగవన్నాడు. "యాడికి పోతాయప్పా నీళ్ళు? మా చెరువు ఎండల్లంటేనే నెలలు పడతాది" అన్నాడు జయరాముడు. మా మెట్ట బుర్రలన్నింటికీ ఆ మాట సబబుగానే తోచింది. నీళ్ళంటే వానకు రావడం, ఎండకు పోవడం తప్ప మేమేం ఎరుగుదుం?

పదిన్నర దాటాక టెంకాయ కొట్టి బయల్దేరాం. కాలువ మలుపులు తిరిగేకొద్దీ చెట్ల వేర్లు బయటపడుతూ వచ్చాయి. కాసేపటికి బోటు అడుగు గరగరమంది, ఆగింది. చూస్తుండగానే నీళ్ళు జారిపోయి రెండు పక్కలా బురదగోడలు లేచాయి. "ఇంక పొద్దుగూకితే గానీ పోటు రాదండి" అని సరంగు బీడీ ముట్టించాడు.

జయరాముడు బురదలోకి దూకాడు. నడుం దాకా దిగబడి బోటును భుజంతో తోశాడు. మేం వద్దంటే వినలేదు. తల మీదుగా కొంగల గుంపు పోయింది. "అదో సూడుమే!" అని కింద నుంచి అరిచాడు. ఆమెకు మిగిలిన గొట్టం చూపులోకి అవి దొరికేలోపే చెట్ల అవతలికి వెళ్ళిపోయాయి. ఇంక ఆమె ఆకాశం వైపు చూడలేదు. కిందికే చూస్తూ కూర్చుంది. పొద్దు వాలుతుంటే అతను ఆ బురదలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చీకటి పడ్డాక నీళ్ళొచ్చాయి. బోటు కదిలింది, తిరిగి ఒడ్డుకే. "అబ్బ, ఎన్ని నీళ్ళప్పా!" అని అందరూ కేకలు వేశారు. "వచ్చినాయా మామా? యాడ?" అని హనుమక్క మొహం అటూ ఇటూ తిప్పింది.

మరుసటి ఉగాదికి ఆ మిగిలిన చూపు కూడా పోయింది. జయరాముడు యాత్రలు మానుకుని బస్టాండులో టీ అంగడి పెట్టుకున్నాడు. కొన్నేళ్ళకు ఒకసారి వాళ్ళింటికి పోయాను. అతను గడపలో కూర్చున్నాడు. నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను. "ఆ పొద్దు ఏమన్నా సూసినావా హనుమక్కా?"

"మా ఆయన్నే సూసినానక్కా, పొద్దుగూకేదాకా. కట్టుకున్నప్పట్నుంచి నవ్వే మొగమే కదా నాకు దెలిసింది. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా అది రాదు. ఆ బురదలో ఏడ్చే మొగమే వస్తాంది."

జయరాముడు చప్పున లేచి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎట్లైనా ఆమెను నవ్వించాలని, మైకు పట్టుకున్నట్టు పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, పాత గొంతు తెచ్చుకుని మొదలుపెట్టాడు. "ఎడంచేతి పక్క సూడండప్పా..."

అక్కడే ఆగి, పిడికిలి దించేశాడు.

హనుమక్క బుద్ధిగా ఎడంపక్కకు తల తిప్పింది. "ఏమీ ల్యా" అని నవ్వింది.