పడవకు సౌండు పెట్టిన మా అత్త

పోయిన శుక్రవారం పెనుకొండలో ఒక పెళ్లి మండపంలో స్పీకర్లు బిగిస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అని మాత్రం అన్నాడు. వారం రోజులుగా మా అత్త హిందూపురంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆ పొద్దున నేను తటపటాయిస్తుంటే తనే పంపించింది. "పెండ్లోళ్లకు మాటిచ్చినాం. పో, పని చూసుకోని రా" అంది. నాతో వచ్చినవాళ్లకు మిగిలిన పని అప్పజెప్పి బస్సెక్కాను. పెళ్లి ఆగకూడదు, మైకు మూగబోకూడదు. ఆమె అయినా అదే చేసేది.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ వైపు వెళ్లే దారిలో మా సౌండ్ సిస్టమ్ అంగడి. మా మామ పెట్టిన అంగడి అది. ఆయన పోయాక మూసేస్తారని అందరూ అనుకున్నారట. అత్త మూయలేదు. నేను కోడలిగా వచ్చేనాటికి కౌంటర్ వెనక కూర్చుని, ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చుకుని, ఆంప్లిఫయర్లు విప్పి బాగుచేస్తోంది. పెళ్లయిన నెలలోనే నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. "వంట ఎవురైనా చేస్తారు. ఈడికి రా, వైరు పట్టుకో" అంది. నా జీవితం అక్కడ మలుపు తిరిగింది.

ఎక్కడ సౌండు పెట్టినా ఆమె పాటతో పరీక్షించేది కాదు. "పాట అందరికీ ముందే వచ్చుంటాది. మాట చెప్పు, అర్థమైతాదో లేదో చూస్తా" అనేది. నన్ను మైకు ముందు నిలబెట్టి తను అందరికంటే వెనక, ముసలివాళ్లు కూర్చునే చోటికి వెళ్లి నిలబడేది. ఏం చెప్పాలో తోచక నేను పొద్దున చేసిన వంట చెప్పేదాన్ని. రాగిముద్ద, ఊరుబిండి, చింతచిగురు పప్పు. రామగిరి, కనగానపల్లి వైపు ఎన్నో ఊళ్లలో సభ మొదలయ్యే లోపలే మా ఇంటి వంట అందరికీ తెలిసిపోయేది. మాట స్పష్టంగా వినిపిస్తే అత్త చెయ్యెత్తేది. అప్పటిదాకా నేను దిగకూడదు.

ఆ మధ్య మంచి వానలకు ధర్మవరం చెరువు నిండింది. అక్కడి చేనేత కార్మికుడొకడు తన బావమరిదితో కలిసి ఒక పడవ కొన్నాడు, జనాన్ని షికారు తిప్పడానికి. బెంగళూరులో నాలుగు స్పీకర్లు ముందే కొనేసి, వాటిని వెంటబెట్టుకుని మా అంగడికి వచ్చాడు.

"మీ దగ్గరుండే పెద్ద ఆంప్లిఫయరు ఇయ్యమ్మా. కట్ట మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూడల్ల" అన్నాడు.

అత్త స్పీకర్ డబ్బాను తిప్పి, పెద్ద అక్షరాల కింద ఉన్న చిన్న వరుస మీద వేలు పెట్టింది.

"ఈ పెద్ద అంకె చూసి మోసపోవద్దప్పా. అది ఒక్క క్షణం తట్టుకునేది. ఈ చిన్న అంకె ఉండాది చూడు, డెబ్బై ఐదు వాట్లు. పొద్దంతా తట్టుకునేది ఇదే."

"అట్లయితే చిన్న ఆంప్లిఫయరు చాలు గదా?"

"అదీ వద్దు. చాలీచాలనిది పెడితే నువ్వు దాన్ని కడాకు తిప్పేస్తావు. అది గొంతు చించుకుంటాది, స్పీకరు కాలిపోతాది. కొంచెం ఎక్కువే వండిపెట్టుకో. వడ్డించేటప్పుడు మాత్రం ఆకలి చూసి వడ్డించు."

ఆ చిన్న అంకె కంటే కాస్త ఎక్కువ శక్తి ఇచ్చేది, ఒక్కో స్పీకరుకు ఒక్కో దారి, అంటే ఛానల్, ఉన్న ఆంప్లిఫయర్ ఎంచింది. రెండు స్పీకర్లను ఒకే దారికి కలిపితే ఆంప్లిఫయర్ మీద భారం పెరిగి వేడెక్కుతుందని వివరంగా చెప్పింది. ఎంచినది బ్యాటరీని తక్కువ వాడుకునే రకం. అతను అన్నిటికీ ఒప్పుకున్నాడు. బ్యాటరీ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఇంజనుకున్న బ్యాటరీకే తగిలించమన్నాడు. పాటకు వేరే బ్యాటరీ ఉండాల్సిందేనంది అత్త.

"పడవలో తావు యాడుండాదమ్మా? బరువు కూడా."

"ఒక సీటు తగ్గించు. ఇంజను బ్యాటరీకి తగిలించేదైతే నేను వైరు ముట్టను."

అతను స్పీకర్లు తీసుకుని విసవిసా వెళ్లిపోయాడు. ఆ వారం మాకు వేరే పని లేదు. పిలవమంటావా అన్నట్టు నేను అత్త వైపు చూశాను. ఆమె తలెత్తలేదు. మర్నాడు అతనే తిరిగొచ్చాడు, ఒక సీటు తీసేశానని చెప్పాడు.

ఇద్దరం రైలెక్కి ధర్మవరం వెళ్లాం. మోకాళ్ల నొప్పులతోనే అత్త పడవలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అడుగున నీరు చేరినా తగలకుండా, గాలి ఆడేటట్టు, ఆంప్లిఫయర్‌ను సీటు కింద ఎత్తులో బిగించింది. ప్రతి వైరు కొస తనే బిగించి, ఊడుతుందేమో లాగి చూడమని నాకు చెప్పింది.

మొదటి ఆదివారం సాయంత్రం అతను మమ్మల్నీ పడవెక్కించాడు. అతని తల్లి, ఇరుగుపొరుగు మగ్గాలవాళ్లు, పిల్లలు అందరూ ఉన్నారు. చెరువు నడుమ ఇంజను ఆపి పాటలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఊగుతూ ఉన్నాం. ఉన్నట్టుండి గాలి లేచింది. అలలు పడవను పక్కకు తోసుకుంటూ, నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్ల వైపు తీసుకుపోసాగాయి. భయంతో జనం లేచి ఒక పక్కకు చేరారు. పడవ ఒరిగింది. అత్త నా మణికట్టు పట్టుకుంది.

పడవతను పాట ఆపి మైకు అందుకున్నాడు. "ఎవురూ లేవద్దండి. యాడుండేవాళ్లు ఆడనే కూచోండి. పిల్లోళ్ల లైఫ్ జాకెట్లు బిగించండి."

అరవలేదు. అంత గాలిలోనూ అతని మాట ప్రతి ఒక్కరికీ పక్కనే కూర్చుని చెప్పినట్టు వినిపించింది. ఒక్కొక్కరే కూర్చున్నారు. పడవ సర్దుకుంది. అప్పుడతను ఇంజను మీట నొక్కాడు. అంతసేపు పాటలు మోగినా ఇంజను బ్యాటరీలో చుక్క తగ్గలేదు. ఒక్క నొక్కుకే ఇంజను అందుకుంది.

గట్టు మీద అతను చేతులు జోడించాడు. "ఆ పొద్దు నీ మీద కోపంతో పోతి గదమ్మా. నువ్వు పట్టుబట్టకపోతే ఈ పొద్దు ఏమయ్యేదో."

మా అత్తకు పొగడ్త అంటే మొహమాటం లేదు. "ఇంగోసారి చెప్పప్పా, మా కోడలికి వినబడలేదు" అంది. అతను నవ్వుతూ మళ్లీ చెప్పాడు. ఆమె ఆసాంతం విన్నది.

శుక్రవారం మా అత్త జనాజా మసీదుకు లేచే వేళకు అతను ధర్మవరం నుంచి వచ్చి భుజం పట్టాడు. ఏడుస్తున్న మా ఆయన పక్కనే నడిచాడు. నేను గడపలో నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాను. పని నేర్పి, తన సరసన నిలబెట్టిన మనిషిని మోసుకుపోతున్నారు.

అయినా ఆమెను తలుచుకోగానే నా కళ్ల ముందుకు వచ్చేది ఆ ఆదివారమే. గాలి తగ్గింది. జనం ఇంకా గట్టు మీదే ఉన్నారు. కట్టేసిన పడవలోకి అత్త మళ్లీ దిగింది. మైకు తీసుకుని, గొంతు సవరించుకుని చెప్పింది: "ఈ పడవకు సౌండు పెట్టిండేది హిందూపురం నుంచి వచ్చిన ఇద్దరు ఆడోళ్లు. నేనూ, మా కోడలూ."

కట్ట మీద సైకిళ్లు ఆగాయి. గొర్రెలు తోలుకుపోతున్న మనిషి కూడా ఆగి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని నీళ్ల వైపు చూశాడు. ఎర్రబడిన చెరువు మీద, కొంగు గాలికి ఎగురుతుండగా, మా అత్త మైకు పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది.