వైండింగ్ బాబాయి షాపు ముందు ఓ పూట

మొన్న మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆగిపోతే కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. మంచినీళ్లు కావాలా అని నేనడిగే లోపే మెషిన్‌ని గోడ దగ్గర నుంచి జరిపి, వెనకవైపు స్క్రూ మీద అంటించిన గోరంత తెల్ల కాగితం చిరిగిందేమోనని ఫోన్ లైటు వేసి చూశాడు. ఆ కాగితం చిరిగితే బయటివాళ్లు విప్పినట్టు లెక్కట, ఇక వారంటీ చెల్లదట. బయట ఎవరికీ చూపించలేదు కదా మేడమ్ అని అడుగుతూనే దాన్ని ఫొటో కూడా తీసుకున్నాడు. నా ఇంట్లో నిలబడి నన్నే దొంగను చేస్తాడేమిటని ఒళ్లు మండింది కానీ, అతను వెళ్లిపోయాక ఆ కోపం నిలవలేదు, సిగ్గుగా మారింది. అలాంటి గుర్తు ఒకటి నేనూ ఒకప్పుడు పెట్టాను, అదీ నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి మీద.

అప్పుడు నాకు ఇరవై మూడో, ఇరవై నాలుగో. ఇంజనీరింగ్ అయ్యాక ఉత్తరాదిలో ఒక యూనివర్సిటీలో ప్రొడక్ట్ డిజైన్ అనే రెండేళ్ల కోర్సులో సీటు వచ్చింది. ఇప్పుడైతే ఆ మాట చంటిపిల్లలకూ తెలుసు గానీ, ఎస్టీడీ బూత్‌ల కాలంలో నరసరావుపేటలో ఆ చదువేమిటో చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. డిజైనంటే ఏందే, చీరల మీద పువ్వులా అని మా మేనత్త అడిగింది. కాదత్తా, ఒక యంత్రం చేతిలో ఎలా ఇమడాలి, మీట ఎక్కడుండాలి, ఏ లైటు వెలిగితే మనిషికి ఏం అర్థం కావాలి, లోపలి ఎలక్ట్రానిక్స్‌ని వాటికి తగ్గట్టు ఎలా అమర్చాలి, ఇవన్నీ అని నేను అరగంట చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, అయితే ఉద్యోగం రాదన్నమాట అని తేల్చేసింది. లెక్కల మాస్టారైన మా నాన్న ఒక్కడే నా పక్షాన నిలబడి, బంధువులందరితో మాటలు పడి పంపించాడు.

అక్కడ మాకు నేర్పిన మొదటి పాఠం అనుమానం. జనం చెప్పింది ఒకవైపు రాయండి, వాళ్ల చేతులు చేసింది ఇంకోవైపు రాయండి, రెండూ ఎక్కడ కలవవో అక్కడే మీ పని ఉందని మా మాస్టారు చెప్పేవాడు. చాలా మంచి మాటే అది, కానీ మేం మాత్రం జనం అబద్ధాలాడతారని అర్థం చేసుకున్నాం. మా అనుమానాలు ఒకరి మీద ఒకరికి పాకాయి. పక్కవాడు కాపీ కొడతాడేమోనని బొమ్మల మీద పేపర్లు కప్పుకునేవాళ్లం, సొరుగులకు తాళాలు వేసుకునేవాళ్లం, భోజనానికి వెళ్తూ స్కేలు ఏ కోణంలో పెట్టామో గుర్తుపెట్టుకునేవాళ్లం. పల్నాటి దాన్ని కనుక నాకు ఈ విద్య తొందరగానే అబ్బింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు నేను ఎంచుకున్నది మిరపకాయల తేమ చూసే పరికరం. అరచేతిలో పట్టే డబ్బా, దానికి రెండు పొడవాటి స్టీలు సూదులు. బస్తాలో గుచ్చితే కాయ ఎండిందో లేదో మూడు లైట్లలో ఒకటి వెలిగి చెబుతుంది: పచ్చది వెలిగితే ఎండినట్టు, పసుపైతే ఫరవాలేదు, ఎరుపైతే తడి. రైతు దాన్ని వాడి నమ్మేదాకా పరీక్షించి వేసవిలో పరీక్షకుల ముందు పెట్టాలి, లేకపోతే ఏడాది పోతుంది. పంట చేతికొచ్చే నాలుగు నెలలూ ఇంట్లో ఉండి పని చేసుకోవడానికి వచ్చేశాను.

డబ్బా తయారుచేసి పెట్టింది మా వీధి చివర మోటారు వైండింగ్ షాపు బాబాయి. ఆయన సాయిబు, మాకు చుట్టరికం ఏమీ లేదు, కానీ మా ఇంటి ఫ్యాను, మిక్సీ, నాన్న రేడియో ఆయన చేతిలోనే బతికేవి. అసలు వ్యాపారం మాత్రం రైతుల మోటార్లది. నా ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, కాలిపోయిన మోటారుకు రాగి తీగ కొత్తగా చుట్టాలి, రాగి ఖరీదైనది, చుట్టాక మూత బిగిస్తే లోపల ఏం వేశారో రైతుకు కనబడదు. కొత్త తీగ బదులు పాతది చుట్టినా, నాలుగు చుట్లు తక్కువ వేసినా ఎవరూ పట్టుకోలేరు. అందుకని ఆ పనిలో మనిషికి ఉండే ఆస్తల్లా పేరే. బాబాయికి ఆ పేరుంది. రాజుపాలెం అవతల నుంచి కూడా మోటార్లు బండిమీద వేసుకొచ్చి, ఆయన లేకపోయినా అరుగు మీద దించి పోయేవాళ్లు. శుక్రవారం నమాజుకు వెళ్లేటప్పుడు ఆయన షాపు తలుపు కూడా మూసేవాడు కాదు, గోనెపట్టా అడ్డం వేసి వెళ్లేవాడు.

నేను గీసిన బొమ్మ చూసి, సూదులు ఇట్టా పెడితే బస్తాలో వంగిపోతయ్యమ్మా, కాస్త పొట్టివి పెట్టు అని సరిచేసింది ఆయనే. రేకు వంచి, రంగు వేసి, లోపల నేను కూర్చిన సర్క్యూటు బిగించి ఇచ్చాడు. ఇంట్లో ఎండిన కాయలతో, కావాలని తడిపిన కాయలతో చూస్తే లైట్లు సరిగ్గా వెలిగాయి. నాకు భూమి మీద కాళ్లు నిలవలేదు.

ఆ తరువాత అంచులు నున్నగా చేయమని డబ్బా మళ్లీ బాబాయికి ఇచ్చాను. ఒక సాయంత్రం దాని కోసం షాపుకు వెళ్లేసరికి, మిరప వ్యాపారి దగ్గర పనిచేసే గుమాస్తా ఒకాయన అక్కడ స్టూలు మీద కూర్చుని నా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నన్ను చూసి బల్ల మీద పెట్టేశాడు. బాబాయి ఏమీ జరగనట్టు టేబుల్ ఫ్యాను రెక్కలు తుడుచుకుంటున్నాడు. నా మనసులో ముల్లు గుచ్చుకుంది. డబ్బా ఇంటికి తెచ్చేసుకున్నాను. మర్నాడు మీట బిగువుగా ఉంది, పైపైన చూడమని మళ్లీ బాబాయికి ఇచ్చేముందు, వెనక ఉన్న నాలుగు స్క్రూల మీదా గోళ్ల రంగు చుక్క పెట్టాను. విప్పితే రంగు పగులుతుంది. మా యూనివర్సిటీ నేర్పిన తెలివి ఇంత చక్కగా ఉపయోగపడుతున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

తెల్లవారి డబ్బా తీసుకుని, బస్సుకు వేళవడంతో వెనక చూడకుండానే నేరుగా బస్సెక్కి క్రోసూరు వైపు వెళ్లాను. అక్కడ నాన్న దగ్గర చదువుకున్న ఒకాయన మిరప వేశాడు. ఆయన్ని అన్నయ్య అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేదాన్ని. కల్లంలో కుట్టి పెట్టిన ఇరవై బస్తాల్లోనూ సూదులు గుచ్చితే ఇరవైకీ ఎర్ర లైటే వెలిగింది. అన్నయ్య మొహం మాడ్చుకుని, పది రోజులు ఎండబెట్టిన కాయ, గలగలలాడుతుంటే తడి అంటదేంది నీ డబ్బా అన్నాడు. ఇరుగుపొరుగు కల్లాల వాళ్లు కూడా మాది చానా ఎండిన సరుకు అని ప్రమాణం చేసినట్టు చెప్పారు. వదిన మాత్రం నన్ను లోపలికి పిలిచి అన్నం పెట్టింది. అంత ఆదరంగా పెట్టినవాళ్లు అబద్ధం చెబుతారని అనుమానపు చదువు చదివిన నాకు తట్టనే లేదు.

తిరుగు బస్సు కోసం నిలబడి డబ్బా వెనక్కి తిప్పితే నాలుగు స్క్రూల మీదా రంగు పగిలి ఉంది. ఇక నా బుర్ర పరుగు తీసింది. మీట చూడమంటే వెనక ఎందుకు విప్పాడు? అందరి కాయా తడిదని చూపిస్తే లాభమెవరికి, ధర కోసే వ్యాపారికే కదా. గుమాస్తా వచ్చింది అందుకే. లోపల ఏదో మార్చాడు, నా బొమ్మ కూడా వాళ్లకు ఇచ్చే ఉంటాడు. బస్సు నరసరావుపేట చేరే లోపే కేసు విచారించి తీర్పు కూడా చెప్పేశాను.

ఇంటికొచ్చి మేనత్త ముందు కక్కేశాను. ఆవిడ, నేనెప్పుడో అనుకున్నా అంది. నాన్న మాత్రం పేపరు మడిచి, ఆయన్ని అడిగావా అన్నాడు. అడగలేదు, అడిగితే నిజం చెబుతాడా అన్నాను. నాన్న మళ్లీ పేపరు విప్పుకున్నాడు.

వారం తిరగకుండా కారం మిల్లు దగ్గర ముక్కూ మొహం తెలియని ఆవిడ నాకే ఈ కథ చెప్పింది. వైండింగు సాయిబు దగ్గర ఏం ఇయ్యమాక, ఎవరో పిల్ల యంత్రంలో సామానే మార్చేశాడంట, ఇంక మన మోటార్లలో రాగి ఏం చేస్తున్నాడో ఏందో అంది. ఆ పిల్ల నేనేనని చెప్పలేదు. కారం డబ్బా మూత పెట్టుకుని వచ్చేశాను. ఆ దారిలోనే బాబాయి షాపు. నీళ్లకు మోటార్లు తెగ తిరిగే ఆ రోజుల్లో అరుగు మీద కాలు పెట్టే సందుండేది కాదు, అలాంటిది ఆ రోజు మూడే మూడు మోటార్లున్నాయి. బాబాయి నన్ను చూసి తల ఊపాడు. నేను చూడనట్టు నడిచాను. లోపల మాత్రం, నేనన్నది నిజమైతే మంచిదే కదా, నిజమే అయి ఉండాలి అని పదే పదే అనుకున్నాను. నిజం కాకపోతే నేనేం చేసినట్టో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

ఏదో ఒకటి తేల్చుకోవాలని మళ్లీ క్రోసూరు వెళ్లాను. ఆ సాయంత్రం బస్సు తప్పిపోయి వదిన వాళ్లింట్లోనే పడుకున్నాను. తెల్లవారుజామున ఏదో చప్పుడైతే లేచి కల్లంలోకి వెళ్లి చూద్దును కదా, వదినా, ఇద్దరు కూలి ఆడవాళ్లూ బిందెలో వేపమండలు ముంచి ఎండు మిరప కుప్ప మీద నీళ్లు చిలకరిస్తున్నారు. తడిసిన కాయను అన్నయ్య బస్తాలోకి తొక్కుతున్నాడు. నన్ను చూసి నలుగురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

నేను డబ్బా తెచ్చి, నీళ్లు ఇంకా పడని కుప్పలో గుచ్చాను. పచ్చ లైటు వెలిగింది. పక్కనే తొక్కిన బస్తాలో గుచ్చాను. ఎర్రది వెలిగింది. అది మొదటి నుంచీ నిజమే చెబుతోంది.

అన్నయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "పొడి కాయ తొక్కితే నలిగి పొట్టయిపోద్దమ్మా, ఎవుడు కొంటాడు? అందుకని కాస్త తడి తగిలిస్తాం. అందరూ చేసేదే."

"మరి నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"నువ్వేమో పుస్తకం పట్టుకొని రాసుకుంటా ఉంటివి. ఆ రాసింది ఏ యాపారి చేతికి బోద్దో మాకేం తెలుసు?"

వాళ్లు నన్ను అనుమానించారు, నేను బాబాయిని అనుమానించాను. మా అందరిలో ఎవరినీ అనుమానించకుండా తన పని తాను చేసింది ఆయనొక్కడే. మొదటి బస్సు పట్టుకుని వచ్చి, ఇంటికి కూడా వెళ్లకుండా షాపు ముందు దిగాను. వెనక ఎందుకు విప్పావు బాబాయ్ అని అడిగాను. సూదుల దగ్గర టంకం ఊడేటట్టుంటే మళ్లీ అతికిచ్చానమ్మా, లోపల కారం దుమ్ము పడితే తుడిచా అన్నాడు. గుమాస్తా తన టేబుల్ ఫ్యాను కోసం వచ్చాడని నేను అడక్కుండానే చెప్పాడు. అంటే ఆయనకు అంతా తెలుసు. ఎవరి నోటి నుంచి మొదలైందో కూడా తెలుసు.

వీధి వీధీ తిరిగి తప్పు నాదని చెబుతాను బాబాయ్ అన్నాను. ఆయన చేతిలో తీగ చుట్ట పక్కన పెట్టాడు.

"ఏం చెప్పమాక. చెబితే అది ఇంకో కథ అయిద్ది. రేపు శనివారం, రైతులొచ్చే రోజు. ఓ పూట వచ్చి ఇక్కడ కూర్చో. జనం చూస్తారు, అంతే."

అలాగే కూర్చున్నాను. పొద్దున తొమ్మిది నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా రోడ్డుకు ఎదురుగా స్టూలు మీద, ఒళ్లో నా డబ్బాతో కూర్చున్నాను. ఆయన నా వెనక తీగ చుట్టుకుంటున్నాడు. పోయేవాళ్లు నన్ను చూశారు, ఆయన్ని చూశారు. కొందరు ఆగి మోటారు సంగతి అడిగారు. ఒకాయన బండి ఆపి, కాసేపు ఆలోచించి, ముందుకు సాగిపోయాడు. మిల్లు దగ్గరి ఆవిడ కూడా అటుగా పోతూ నన్ను గుర్తుపట్టింది. జీవితంలో నేను రాసిన పరీక్షలన్నింటిలో కష్టమైనది అదే. వేసవిలో యూనివర్సిటీలో అసలు పరీక్ష సులభంగానే గట్టెక్కాను. రైతు చెప్పింది ఒకవైపు, చేసింది ఇంకోవైపు రాసి చూపిస్తే మా మాస్టారు తెగ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు ఒంటబట్టలేదు.

మోటార్లు నెమ్మదిగా మళ్లీ అరుగెక్కాయి. అన్నీ కాదు, పాత ఖాతాదార్లు కొందరు ఎప్పటికీ తిరిగి రాలేదు. నాకు పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, నేను చేసిన వస్తువులు దుకాణాల్లోకి వచ్చాయి. ఇప్పుడంతా మారిపోయింది. మోటారు ఇచ్చినవాళ్లు పని అయ్యేదాకా ఫోనుతో వీడియో తీసుకుంటూ నిలబడుతున్నారు, షాపుల్లో బల్ల మీదికి కెమెరాలు బిగిస్తున్నారు, దాన్నే మంచి సర్వీసు అంటున్నారు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. కానీ ఒక మనిషి చేతుల వంక చూస్తూ నిలబడడం ఒకప్పుడు ఎంత పెద్ద అవమానమో మన తరానికి తెలుసు.

బాబాయి నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. కాకపోతే ఆ శనివారం తరువాత మా ఇంటి వస్తువేదీ ఆయన ఒంటరిగా విప్పలేదు. ఫ్యాను ఇచ్చినా, మిక్సీ ఇచ్చినా, మాస్టారూ, విప్పుతున్నా, ఒక మనిషిని పంపండి అని కబురు పెట్టేవాడు. షాపు మానేసేదాకా అంతే. నాన్న వెళ్లేవాడు, నేను ఊళ్లో ఉంటే నేనే వెళ్లేదాన్ని. ఆయన స్క్రూ విప్పుతుంటే చూడలేక నేను రోడ్డు వైపు తిరిగి నిలబడేదాన్ని. ఆయన ఆగి, నేను తల తిప్పేదాకా ఎదురుచూసి, ఇటు చూడమ్మా అనేవాడు.