చప్పుడు కాకుండా దించిన గుండు

ఈ ఉదయం మా కోడలు పులిసిన మజ్జిగను గులాబీ పాదులో పోసింది. ఎర్రమట్టిలో మజ్జిగ ఇంకే వాసన వరండాలో పేపరు చదువుకుంటున్న నా దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే నా కుడి భుజం బరువెక్కుతుంది. ఒక ఉగాదినాడు ఆ భుజం మీద మా ఊరి గుండు ఉంది. అంతవరకూ నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేశారు. మునసబు చావడి అరుగు మీద నుంచి లేచి, "ఏసేబూ, చాల్లే, ఇంక పడేయ్‌రా" అన్నాడు. నేను పడేయలేదు. దాన్ని మోసుకుంటూ నడవడం మొదలుపెట్టాను.

అది మద్రాసు రాజధాని కాలం. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. మార్కాపురానికి రెండు కోసుల దూరంలో మా ఊరు. చావడి చుట్టూ భూములున్న రైతుల ఇళ్ళు, ఊరి చివర కూలి చేసుకు బతికే మా క్రైస్తవుల పేట. గుండు అంటే నున్నటి గుండ్రాయి. ఉగాదినాడు రైతుల పడుచువాళ్ళు దాన్ని భుజానికెత్తి వెనక్కి విసిరేవాళ్ళు. అది ఎక్కడ పడితే మళ్ళీ ఎవరైనా భుజానికెత్తేదాకా అక్కడే ఉండాలి. దొర్లించకూడదు, బండి మీద తరలించకూడదు. ఒక ఏడు అది మునసబు ఇంటి వాకిట్లోనే పడితే ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడాదంతా దాన్ని చుట్టుకుని తిరిగారు గాని, మునసబు కదపనివ్వలేదు. "కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు. పేటవాళ్ళం దూరంగా నిలబడి చూడడమే. గనుల్లో అంతకంటే పెద్ద రాళ్ళు మేమే ఎత్తేవాళ్ళం, కానీ ఆ రాయిని ముట్టుకోకూడదు.

నాకు పన్నెండేళ్ళు వచ్చినప్పటి నుంచి పలకల గనిలో పనిచేశాను. పొద్దున గొంతుకూర్చుని ఉలి పట్టుకుంటే సాయంత్రం వరకూ రాయిని పొరలు పొరలుగా చీల్చడమే. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి నా నడుము నిటారుగా నిలవడం మరిచిపోయింది. మార్కాపురం బజారులో నూనె కొనుక్కుని వస్తుంటే ఒకాయన వెనక నుంచి పిలిచాడు.

"అల్లుడా, కింద ఏం పోగొట్టుకున్నావు?"

"ఏం లేదు మామా."

"మరి నేలను అంతగా వెతుకుతా పోతావేంది?"

ఆయన దస్తగిరి మామ. దూదేకులవాడు. పగలు పరుపులకు దూది ఏకేవాడు. సాయంత్రం మా ఊరి బయట తాలింఖానా నడిపేవాడు. తాలింఖానా అంటే కుస్తీ, కసరత్తు నేర్పే ఒక తాటాకు కొట్టం, దాని మధ్యలో ఒక గుంత. గుంత నిండా జల్లించిన ఎర్రమట్టి. అందులో మజ్జిగ, పసుపు, ఆముదం కలిపేవాడు. వయసులో ఉన్నప్పుడు కుస్తీలో ఎవరో ఎత్తి వేస్తే ఆయన వెన్ను దెబ్బతిందట. రెండేళ్ళు మంచం మీదే ఉన్నాడు. ఇంక లేవడని వైద్యుడు చెప్పాక, మంచం మీద నుంచి తనే నేల మీదికి జారి, పసిపిల్లలు ఎట్లా కూర్చుంటారో ఎట్లా లేస్తారో చూసి నేర్చుకున్నానని చెప్పేవాడు. అందుకే ఆయన దగ్గర మొదటి పాఠం దండాలు కాదు, బస్కీలు కాదు. చేతులు ఆనించకుండా నేల మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం.

ఆ సాయంత్రమే ఆయన రమ్మంటే వెళ్ళాను. కూర్చోవడం నాకు వచ్చింది. లేవబోతే వెనక్కి పడ్డాను. అక్కడున్న రైతుల పిల్లలు నవ్వారు.

"కూచునేది గని నేర్పింది. లేసేది ఎవరూ నేర్పలా" అన్నాడు మామ. ఆ తరవాత నా వీపు మీద చెయ్యి వేసి ఒక్కొక్క కండా నొక్కి చూశాడు. "గడ్డ కట్టిన దూది పరుపుకు పనికి రాదు. నీ నడుమూ అట్లనే ఉండాది. ఏకాల. ఒక్క రోజులో అయ్యేది కాదు."

నేను గుంతలోకి దిగిన మరునాడు ఆరుగురు రావడం మానేశారు. పేటవాడు పొర్లిన మట్టిలో తమ పిల్లలు పొర్లరని వాళ్ళ పెద్దలు కబురు పంపారు. నేను సిగ్గుపడి, పోతాను మామా అన్నాను. ఆయన పలుగుతో మట్టి తిరగేస్తూ తలెత్తకుండానే, "పోనీలేబ్బా, గుంత ఇశాలమైంది. నువ్వు బస్కీలు తియ్" అన్నాడు.

మరో ఏడాదికి నేను నిటారుగా నడిచాను. అది మా ఊళ్ళో కొందరికి నచ్చలేదు. ఏందిరా, రొమ్ము ఇరుచుకుని పోతావుండావు అని చావడి దగ్గర ఒకాయన అడిగాడు. ఆ మాట మామతో చెప్పాను. "వంగేదీ రావాల, లేసేదీ రావాల. ఒకటే వస్తే అది బలం కాదు, అలవాటు. నువ్వు వంగాలనుకున్నప్పుడు వంగు, వాళ్ళు అనుకున్నప్పుడు కాదు" అన్నాడు. బరువులెత్తేటప్పుడు మాత్రం ఆయన కఠినంగా ఉండేవాడు. ఎత్తిన రాయిని ధబీమని వదిలితే ఆ రోజుకు ఇంటికి పంపేసేవాడు. "ఇసిరేసేవాడు సగం పని చేసినోడు. ఎత్తే ముందే యాడ దించాలో చూసుకో. చప్పుడు కాకుండా దించు."

ఆ ఉగాదినాడు గుండు దగ్గరికి వెళ్ళిన రైతుల పిల్లలెవరూ దాన్ని మోకాలు దాటించలేకపోయారు. జనం విసుగెత్తి ఉన్నారు. మామను వదిలేసిన ఆరుగురిలో ఒకడు నా వైపు చూసి, "ఏసేబూ, ఆ దూదేకులాయన మట్టంతా నువ్వే పూసుకున్యావు గదా, రా, నువ్వూ ఒక పట్టు పట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. మునసబు కూడా నవ్వాడు, వద్దనలేదు. మా నాయన నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. విడిపించుకుని వెళ్ళాను. రాయి ముందు గనిలో కూర్చున్నట్టే గొంతుకూర్చున్నాను. మళ్ళీ నవ్వారు. నేను లేచాను.

భుజానికెత్తాక, ఎక్కడ దించాలో అప్పటికే చూసుకున్నాను. చావడి దాటి, బావి దాటి, రైతుల వీధి మొత్తం నడిచాను. మునసబు వెనక నుంచి, "పడేయమంటే ఇనపడలేదా?" అని అరిచాడు. "పడేయొద్దని మా మామ చెప్పినాడయ్యా" అన్నాను. పేట మొదట్లో, మా ఇళ్ళ మధ్య కూర్చుని, దాన్ని నేలకు ఆనించాను. చప్పుడు కాలేదు.

ఆ ఏడు మా పేటలో ఎవరినీ పొలం పనికి పిలవలేదు. మా నాయన నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. తాలింఖానా ఉన్న స్థలం యజమాని కొట్టం పీకించి గుంత పూడ్పించాడు. నేను మద్రాసు వెళ్ళి ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరాను. రోజంతా నిలబడి అక్షరాలు కూర్చే పని. నా నడుము దానికి సిద్ధంగా ఉంది. అక్కడి నుంచే పత్రికలోకి వచ్చాను. మామ గిద్దలూరు చేరాడని తెలిసి ఒకసారి వెళ్ళాను. కొట్టు ముందు దూది ఏకుతున్నాడు. నా వల్లే తాలింఖానా పోయిందని అనడానికి నోరు తెరిచాను. ఆయన ఆ మాట రానివ్వలేదు.

"నువ్వు ఎత్తినావని చెప్పినారు. చప్పుడైందా?"

"కాలేదు మామా."

"అయితే సరే" అని మళ్ళీ దూది ఏకే విల్లు అందుకున్నాడు.

ఇప్పటికీ రోజూ పొద్దున చేతులు ఆనించకుండా నేల మీద కూర్చుని లేస్తాను. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు చూశాను, గుండు నేను దించిన చోటే ఉంది. పిల్లలు దాని మీద కూర్చుని ఆడుకుంటున్నారు. కట్టుబాటు ప్రకారం దాన్ని ఎత్తాలంటే రైతులు మా పేటలోకి వచ్చి, మా ఇళ్ళ మధ్య నేల మీద వంగాలి. ఇన్నేళ్ళలో ఏ ఉగాదికీ ఒక్కరూ రాలేదు.