ఇంకో బండ

హైస్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు ఒక పద్యం చెప్పారు. అందులో సాలీడు ఈగను పొగిడి పొగిడి తన గూట్లోకి రప్పించుకుని తినేస్తుంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అలాంటి ఈగ మా ఇంట్లోనే ఉంది మరి, మా నాన్న.

ఆ ముందు వేసవిలో ఒంగోలు దగ్గర బండలాగుడు పందెంలో మా ఎడ్లు గెలిచాయి. మా జతలో కుడివైపు కట్టే వలపటి ఎద్దును అమ్మమని రెండుసార్లు అడిగి కాదనిపించుకున్న ఆసామి ఒకడు వచ్చి నాన్న భుజం మీద చెయ్యేశాడు.

"ఇలాంటి జత జిల్లాలోనే లేదయ్యా. నువ్వు పగ్గం పడితే ఇంకో బండ వేసినా లాగుతాయి" అన్నాడు.

ఎడ్లు అప్పటికే నురగలు కక్కుతున్నాయి. బాబాయి వద్దని అడ్డంపడ్డాడు. నాన్న వినలేదు, రెండో బండ కట్టించాడు. పది బారలు లాగాక ఎడమవైపున్న దాపటి ఎద్దు ముందుకాళ్ల మీద కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

మర్నాడు ఆ ఆసామి మా ఇంటికొచ్చాడు.

"ఒంటెద్దుతో సేద్యం ఏం చేస్తావు? వలపటిదాన్ని నాకిచ్చెయ్. అయినా నీలాగా ఎద్దును మేపడం ఎవడివల్ల అవుతుందిలే!"

చచ్చిన ఎద్దును పూడ్చిన మట్టి ఇంకా చేతులకుండగానే, నాన్న మీసం దువ్వుకుని పగ్గం అతని చేతికిచ్చాడు.