మామగారిచ్చిన బంటు

పెళ్లయిన కొత్తలో మామగారి ముందు నేను కోసిన కోతల్లో చదరంగం ఒకటి. కాలేజీ రోజుల్లో మా హాస్టల్లో నన్ను ఓడించినవాడు లేడని చెప్పాను. ఆ హాస్టల్లో చదరంగం వచ్చినవాళ్లం ఇద్దరమేనన్న సంగతి మాత్రం చెప్పలేదు. నిడదవోలులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఆయన నా మాట విని నవ్వారు.

"అయితే నాతో ఒక్క ఆట డ్రా చెయ్యండి అల్లుడు గారూ. ఆ రోజు మీ ఇంటికొచ్చి భోంచేస్తాను. అప్పటిదాకా మీ ఇంట్లో చెయ్యి కడగను" అన్నారు.

సరదాకే అన్నారు. కానీ అన్న మాట తప్పే మనిషి కాదు. రాజమండ్రిలో మా ఇంటికొస్తే మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. ఒకసారి మా ఆవిడ చేపల పులుసు పెట్టి కూర్చోబెడితే, వాసన చూసి, బాగుందమ్మా అని లేచిపోయారు. వాళ్ల నాన్న తన చేతి ముద్ద తినకపోవడానికి నా చదరంగమే కారణమని ఆ సాయంత్రం మా ఆవిడ తేల్చేసింది. 

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి అవగానే బ్రిడ్జి దాటి నిడదవోలు వెళ్లేవాళ్లం. పెద్దాయన కదా అని తెల్లకాయలు నేనే ఇచ్చేవాణ్ణి. ఆయన తన మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపేవారు. నేనూ అంతే చేసేవాణ్ణి. వెంటనే ఇంకో బంటును తెచ్చి నా బంటుకు అందేలా పెట్టేవారు. దీన్ని క్వీన్స్ గాంబిట్ అంటారని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, మా వైపు పెద్దవాళ్లు పెట్టింది వద్దనకూడదని. తినేసేవాణ్ణి.

తిన్నాక దక్కించుకోవాలిగా. పక్క బంటును రెండు గళ్లు జరిపి కాపలా పెట్టేవాణ్ణి. ఆయన చివరి బంటుతో ఆ కాపలాను పొడిచేవారు. నేను ఇంకో బంటును సాయం తెచ్చేవాణ్ణి. అవి ఒకదాన్నొకటి తినేశాక, మూలనున్న నా ఏనుగు దాకా వాలుగా దారి ఖాళీ అయ్యేది. ఆయన మంత్రి నెమ్మదిగా రెండు గళ్లు వాలుగా వచ్చి ఆ దారిలో నిలబడేది. ఏనుగు కదలడానికి చోటుండదు. దాన్ని కాపాడబోయి గుర్రాన్ని పోగొట్టుకునేవాణ్ణి. ఒక్క బంటు కోసం ఇంత.

"బాగా ఆడారండి" అనేవారు మామగారు. నేను నిజమే కాబోలనుకుని, పై ఆదివారం మళ్లీ అదే ఆడేవాణ్ణి.

వాళ్లింట్లో అల్లుణ్ణి తప్పుపట్టే అలవాటు లేదు. నేను ప్యాంటు జిప్పు మరిచిపోయి కూర్చున్నా, ఎవరో ఒకరు ఫ్యాను చూస్తారు తప్ప చెప్పరు. చదరంగమైతే చెప్తారా? చివరికి ఆఫీసులో లంచ్ టైములో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకోవాల్సొచ్చింది. అందులోనూ మొదటి నెలంతా ఆ బంటును ఇంకా గట్టిగా పట్టుకోవడం ఎలాగో వెతికాను.

అసలు సంగతి వేరు. ఆ బంటు మనకు ఉండిపోదు. తిని, వదిలెయ్యాలి. ఆయన శకటుతో దాన్ని వసూలు చేసుకునేలోపు మనం గుర్రాన్ని బయటికి తెచ్చి, నడిమధ్య ఉన్న ఆయన బంటును మన బంటుతో పొడవాలి. అక్కడ మార్పిళ్లు జరిగాక ఆ బంటుకు అటూ ఇటూ తోడు లేకుండా పోతుంది. ముందుకు నడిస్తే మన కొంప ముంచుతుంది. దాని ఎదురుగా ఒక గుర్రాన్ని కూర్చోబెడితే, ఇక దానికి కాపలా కాయడమే ఆయన పని. ఈ నాలుగు ముక్కలు నా బుర్రకెక్కడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ ఆదివారం బంటు తిని, గుర్రం తీశాను. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఇక దయ తలుస్తారనుకున్నాను. అదేమీ లేదు. హెడ్మాస్టరుగా ఊరికే పాస్ మార్కులు వేసిన అలవాటు ఆయనకు లేదు. మూడు గంటలు నన్ను పిండారు. టీ చల్లారింది, మళ్లీ పెట్టారు, అదీ చల్లారింది. చివరికి బోర్డు మీద ఇద్దరు రాజులే మిగిలారు. "డ్రా అండి" అంటూ ఆయనే చెయ్యి చాపారు.

లోపల్నుంచి అత్తగారు సంచితో వచ్చారు. అందులో ఆయన చొక్కా, లుంగీ, మందులు.

"ప్రతి ఆదివారం సర్దడం, మీరు వెళ్లాక తియ్యడం. ఇవాళ తియ్యక్కర్లేదు" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఆరు నెలలు ఆయన నన్ను ఓడిస్తున్నారనే అనుకున్నాను.

రాజమండ్రి చేరేసరికి మా ఇంట్లో కూరగాయలు కూడా లేవు. నేను గెలుస్తాననిగానీ డ్రా చేస్తాననిగానీ మా ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఉన్న గుడ్లతో అట్లు వేసి, పప్పుచారు పెట్టింది. మామగారు తలెత్తకుండా తిన్నారు. సగం భోజనమయ్యాక నా వైపు చూశారు.

"మీ ఇంట్లో తిన్నాను కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చేమోనండి. మీరు ఆ పక్క బంటు మీద చెయ్యి వేసినప్పుడల్లా, ఈ వారం కూడా అమ్మాయి చేతి అన్నం లేదు అనుకునేవాణ్ణి."

 ఆయన వద్దంటున్నా మా ఆవిడ ఇంకో గరిటెడు అన్నం వేసింది.