నాగర్‌కర్నూలు దగ్గరికి జరిగిన ఏడాది

యుద్ధం అయిపోయింది గానీ పెట్రోలు ఇంకా రేషను చిట్టీల మీదే ఇస్తున్న రోజులవి. నేను వనపర్తిలో ఒక పల్లీనూనె మిల్లు సావుకారి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. మాది గద్వాల. ఇంటిల్లిపాదీ మగ్గం మీద బతికినవాళ్లం. నాకు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని గంట కూర్చుంటే ఊపిరాడేది కాదు. అందుకే కృష్ణ దాటి వచ్చి మోటారు నేర్చుకున్నాను.

మా మోటారు పుట్టుకతో లారీ కాదు. ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసిన కారు. సావుకారు దాన్ని కొని, వెనక సగం కోయించి, టేకు పలకలతో తొట్టి కట్టించాడు. ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం, వెనక నూనె డబ్బాలు పోయేవి. పెట్రోలు ట్యాంకు సీటు కిందే ఉండేది. మెత్త ఎత్తి, గాట్లు పెట్టిన వెదురుపుల్ల ముంచి చూస్తే ఎంత ఉందో తెలిసేది. వనపర్తి నుంచి నాగర్‌కర్నూలుకు ఇరవై ఎనిమిది మైళ్లు. పోయి రావడానికి మూడున్నర గ్యాలన్లు. గ్యాలనుకు పదహారు మైళ్లన్న లెక్క సావుకారికి తన పిల్లల వయసుల కన్నా బాగా గుర్తుండేది.

ఆ వానాకాలం పాన్‌గల్ దగ్గర నల్లరేగడిలో దిగబడ్డాం. సావుకారు ఏదో పెళ్లికని జరీ తలపాగా చుట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఎంత ఇంజను తిప్పినా చక్రాలు లోపలికే పోతున్నాయి. చివరికి ఒక రైతు దుక్కి ఆపి, రెండెడ్లను కట్టి మమ్మల్ని లాగాడు. చేలల్లో పనిచేసేవాళ్లంతా గట్టు మీద చేరారు. మోటారు బయటపడ్డాక ఆ రైతు ఎంతో మర్యాదగా అడిగాడు.

"సావుకార్, ఎద్దులకైతే జర గడ్డేస్త. మీ మోటరుకు ఏమెయ్యమంటరు?"

గట్టు మీదున్నవాళ్లు నవ్వారు. సావుకారు నవ్వలేదు. పెళ్లిలో భోజనం కూడా సరిగా చేయలేదు. తిరిగివచ్చేటప్పుడు ఒకే ఒక మాటన్నాడు. "దీన్ని ఎత్తు చెయ్యాలె."

నాగర్‌కర్నూలులో ఇనుప పని చేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నాగళ్ల నుంచి మోటార్ల దాకా ఏదైనా కొలిమిలో పెట్టి చక్కదిద్దగలనని ఆయన నమ్మకం. మిలిటరీ వాళ్లు అమ్మేసిన సామానులో నాలుగు పెద్ద టైర్లు, వాటి చక్రాలు ఆయన దగ్గరికి వచ్చి ఉన్నాయి. వాటి మీది గాట్లలో నా బొటనవేలు మునిగేది. మేస్త్రీ వాటిని మా మోటారుకు ఎక్కించాడు. చక్రం తగలకుండా మడ్‌గార్డులు కత్తిరించాడు. కింద కుదుపు ఆపే కమాను కట్టలకు ఒక్కోదానికి మరో మూడు ఇనుప పట్టీలు చేర్చాడు. పని అయ్యేసరికి మోటారు మునివేళ్ల మీద నిలబడ్డట్టుంది. ఎక్కాలంటే ముక్కాలి పీట కావలసి వచ్చింది. సావుకారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇగ రమ్మను ఎద్దులను" అన్నాడు.

మొదటి ప్రయాణంలోనే తేడా తెలిసింది. గట్టి రోడ్డు మీద ఆ టైర్లు తుమ్మెదల గుంపులా ఒకటే రొద. స్టీరింగు ఒక పక్కకు లాగుతోంది. గాలి ఎదురైతే యాక్సిలేటరు ఇంకా నొక్కాల్సి వస్తోంది. తిరిగి వచ్చి మెత్త ఎత్తి పుల్ల ముంచితే నాలుగున్నర గ్యాలన్లు పోయింది. అంతకన్నా వింత, మీటరు చూస్తే పోయిరాను నలభై తొమ్మిది మైళ్లే.

సావుకారు నేల మీద కూర్చుని బొగ్గుముక్కతో లెక్క వేశాడు. గ్యాలనుకు పదకొండు మైళ్లు.

"ఏందిర గిది? మీటరు తక్కువ, పెట్రోలు ఎక్కువ. మిగిలింది ఏడ పోయింది?"

"నాకు తెల్వదు సావుకార్. గదే తొవ్వల పోయిన, గదే తొవ్వల వచ్చిన."

"గదే తొవ్వ అయితే ఇరవై ఎనిమిది ఉండాలె గద! ఇరవై నాలుగున్నర అంటున్నది మీటరు. నాగర్‌కర్నూలు జరిగొచ్చిందా?"

దారి పక్కన మైలురాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "రాళ్లు సర్కారువి. మీటరు మనది. నేను దేన్ని నమ్మాలె?"

ఆ రోజు ఆయన నన్ను దొంగ అనలేదు. నాలుగో ప్రయాణం తర్వాత అన్నాడు. అన్నది కూడా నాతో కాదు, నా ఎదురుగా ఉన్న మిల్లు గోడతో. "చిట్టీ పెట్రోలుకు బయట శానా గిరాకీ ఉన్నదట." నా జన్మలో పక్కవాడి చిక్కుడుకాయ కూడా తెంపినవాణ్ణి కాను.

మర్నాటి నుంచి ఆయన మేనత్తను నాకు కాపలా పెట్టాడు. ఆమెకు అరవై దాటాయి. భర్త పోయాక మేనల్లుడి ఇంట్లోనే ఉండేది. ఇంట్లో ఉప్పు పొట్లం మాయమైనా ఆమెకు తెలిసిపోతుందని ప్రతీతి. ట్యాంకు సీటు కిందే కాబట్టి ఆమె చేయవలసిన పని ఒక్కటే, దాని మీద కూర్చోవడం, లేవకపోవడం.

ఆమె ఆ పని నిష్ఠగా చేసింది. పీట వేసి ఎక్కించాను. సద్దిమూట ఒళ్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. గోపాల్‌పేటలో నీళ్లు తాగడానికి ఆపితే దిగలేదు. నాగర్‌కర్నూలులో డబ్బాలు దింపుతున్నంతసేపూ ఎండలో అలాగే కూర్చుంది. తిన్నది అక్కడే. పెట్రోలు వాసనకు తల తిరుగుతోందని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే నాకే బాధనిపించింది.

"పెద్దమ్మా, జర నీడకు వచ్చి కూసో. నేను దాన్ని ముట్ట."

"నువ్వు ముట్టవని నాకు తెలుసు బిడ్డా. కానీ నేను లేస్తే వాడు ఇద్దర్నీ అనుమానిస్తడు."

ఇల్లు చేరాక సావుకారు తన చేత్తోనే పుల్ల ముంచాడు. నాలుగున్నరే. ఆయన అత్త వైపు చూశాడు.

"అత్తా, నడుమ ఎన్నడన్న కన్ను మూసినవా?"

"మూసిన."

"గదిగో!"

"కన్ను మూసిన గానీ కూసున్నది కన్ను మీద కాదు గదర."

తర్వాతి వారం సావుకారే వచ్చి ఆ సీటు మీద కూర్చున్నాడు. నేనేం చేస్తున్నానో చూడ్డానికి నా కాళ్ల వైపు వంగి వంగి, సగం దారిలోనే ఆయనకు మెడ పట్టేసింది. ఆ రోజు ఎదురుగాలి ఎక్కువ. పావు తక్కువ అయిదు గ్యాలన్లు పోయింది. దొంగ లేడు, ట్యాంకు కారడం లేదు. మోటారుకు దిష్టి తగిలిందని తేల్చి, గుమ్మడికాయ కొట్టించాడు. ఆ ముక్కలు టైరు గాట్లలో ఇరుక్కుని రెండు రోజులు ఈగలు ముసిరాయి. పెట్రోలు ఖర్చు మాత్రం ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

నాకు మనసు విరిగింది. రెండు రోజులు సెలవడిగి గద్వాల పోయాను. బీచుపల్లి దగ్గర పుట్టిలో నది దాటుతున్నంతసేపూ, ఇక మగ్గమే దిక్కేమో అనుకుంటూ కూర్చున్నాను. ఇంటికి పోయి నాయిన ముందు గోడు వెళ్లబోసుకున్నాను. మీటరు తగ్గడం సంగతి చెప్పేసరికి ఆయన నేత ఆపి నాడె పక్కన పెట్టాడు.

"చక్రం పెద్దగైందంటివి గద?"

"అయింది."

"మరింకేంది? సిన్న రాట్నం మీద వంద సుట్లు పడే నూలు, పెద్దదాని మీద ఎనభై తొంబై సుట్లే పడ్తది. సుట్లు తగ్గినయని నూలు తగ్గుతదార పిచ్చోడా? నీ మీటరు సుట్లే లెక్కపెడుతున్నది."

అంత చిన్న మాట అన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో! మర్నాడు పొద్దున్నే ఒక కండె నూలు అడిగి తీసుకుని మళ్లీ నది దాటాను.

మిల్లు వాకిట్లో అందరి ముందూ పాత టైరు ఒకటి తెప్పించాను. పెద్దమ్మ నూలు కొస పట్టుకుంది. నేను టైరు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి తెంపాను. కొత్త చక్రానికీ అలాగే తిప్పి తెంపాను. రెండు పోగులూ నేల మీద పక్కపక్కన పరిచాం. పాతది ఏడడుగులు, కొత్తది ఎనిమిది. మీటరు ఇంకా పాత ఏడడుగుల లెక్కనే చెబుతోందనీ, అది ఏడు మైళ్లంటే మనం ఎనిమిది పోయినట్టనీ వివరించాను. సావుకారు గొంతుక్కూర్చుని పోగులను అటూ ఇటూ జరిపాడు.

"అంటే నాగర్‌కర్నూలు ఏడున్నదో ఆడనే ఉన్నది."

"ఆడనే ఉన్నది సావుకార్."

బొగ్గుముక్క మళ్లీ బయటికి వచ్చింది. సరిచేసి లెక్క వేస్తే గ్యాలనుకు దాదాపు పన్నెండున్నర. గ్యాలనుకు తగ్గిన అయిదు మైళ్లలో ఒకటిన్నర మీటరు మింగింది. ఆయన తలెత్తాడు. "మరి తక్కిన మూడున్నర?"

దానికి నా దగ్గర నూలు లేదు. మేస్త్రీని పిలిపించాం. ఆయన తన పనిలో తప్పుందంటే ముందు కోపం తెచ్చుకున్నాడు. గోపాల్‌పేట అవతల ఒక దిగుడు ఉంది. వెనక పాత చక్రాలు నాలుగూ వేసుకుని అందరం అక్కడికి పోయాం. దిగుడు పైన ఇంజను ఆపి, గేరు తీసి, బ్రేకు వదిలాను. మోటారు రొద చేసుకుంటూ దిగి, కింద ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడే పాత చక్రాలు ఎక్కించి, తీసినవి వెనక వేసుకుని, మళ్లీ పైనుంచి వదిలాం. ఈసారి తుమ్మచెట్టు దాటింది, కల్వర్టు దాటింది, మేకలు కాస్తున్న ఒకావిడ ముందు నుంచి చప్పుడు లేకుండా పోయి ఇంకో ఫర్లాంగు అవతల ఆగింది. ఆవిడ మేకల్ని వదిలి మా దగ్గరికి నడిచి వచ్చింది. ఇంజను పాడైందేమో, తోసుకుపోవడానికి మనుషుల్ని పిలవాలా అని అడిగింది.

మేస్త్రీకి కోపం దిగింది. కొత్త టైర్లు రోడ్డును పీకుతూ పోతున్నాయని ఆయనే ఒప్పుకున్నాడు. బరువు కూడా ఎక్కువ, ఆపి ఆపి కదిలించినప్పుడల్లా ఇంజను ఎడ్లబండిని లాగినంత కష్టపడుతుందన్నాడు. పైగా ఎత్తు పెరిగి మోటారు అడుగున గాలి దూరి వెనక్కి పడుతోంది. తర్వాత నేల మీద పడుకుని ముందువైపు చూసి, నాలుక కరుచుకున్నాడు. పట్టీలు చేర్చినప్పుడు ముందు చక్రాలు రెండూ లోపలికి తిరిగి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

"మెల్లకన్ను పడ్డది సావుకార్. సక్కగ పోకుండ రెండూ రాసుకుంట పోతున్నయి. గందుకే కొత్త టైరు ఒక అంచుకే అరిగింది."

సావుకారు ఆ అంచును వేలితో తడిమి చూశాడు. వాకిట్లోకి తిరిగివచ్చాక, మిల్లు కూలీలంతా వింటుండగా గట్టిగా అన్నాడు. "మా డ్రైవర్ దొంగ కాదు. మోటరే దొంగ." ఆ పూట ఇంట్లోంచి నాకు పెరుగన్నం పంపించాడు.

ఇక పాత చక్రాలు ఉంచేస్తాడనుకున్నాను. ఉంచలేదు. వానలు పూర్తిగా పోలేదని, ఎత్తు తగ్గితే నలుగురూ ఏమనుకుంటారని మళ్లీ పెద్దవే ఎక్కించమన్నాడు. మెల్లకన్ను మటుకు మేస్త్రీ సరిచేశాడు. పెట్రోలు పోతే పోనీ, మోటారు చూసి సలాములు పెడుతున్నారు కదా అన్నాడు.

ఆయన మనసు మార్చింది ఆయన మిల్లు దర్వాజే. ఎత్తు పెరిగాక మోటారును బయటి వాకిట్లోనే ఆపుతున్నాను. ఒకరోజు స్టేషను నుంచి పల్లీల బస్తాలు బరువుగా వేసుకుని మొదటిసారి లోపలికి తెచ్చాను. దర్వాజ పైన వంపుగా కట్టిన రాళ్లకూ మోటారు కప్పుకూ మధ్య నాలుగు వేళ్ల సందు. బస్తాలు దింపాం. బరువు పోయేసరికి కొత్త పట్టీల మీద మోటారు పైకి లేచింది. బయటికి తీయబోతే కప్పు రాళ్లకు తగిలింది. నిండుగా లోపలికి వచ్చిన మోటారు ఖాళీగా బయటికి పోదు.

సావుకారు దర్వాజ వైపు, మోటారు వైపు మార్చి మార్చి చూశాడు. "ఎక్కుండ్రి" అన్నాడు కూలీలతో. పదిమంది తొట్టిలో ఎక్కి కూర్చున్నారు. మోటారు దిగింది, దర్వాజ దాటింది, వాళ్లు దిగారు. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి అది మిల్లులో ఒక పనిగా మారింది. నేను హారను కొడితే గానుగ ఆపి పదిమంది పరుగున వచ్చి ఎక్కేవాళ్లు, ఇరవై అడుగులు ప్రయాణం చేసి దిగేవాళ్లు. వాళ్లలో ఒకడు తన పెళ్లాం బిడ్డల్ని కూడా తెచ్చి చూపించాడు. ఒకరోజు తాలూకా నుంచి వచ్చిన గుమాస్తా బయట నిలబడి ఇదంతా చూసి, "వీండ్లను ఏ ఊరికి తోలుతున్నరు సావుకార్?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే సావుకారు మేస్త్రీకి కబురు పంపాడు. పాత చక్రాలు వచ్చాయి, చేర్చిన పట్టీల్లో రెండేసి ఊడిపోయాయి. ఒక్కొక్కటి ఉంచమన్నాడు, పూర్తిగా ఓడిపోయినట్టు ఉండకూడదని. గ్యాలనుకు పదిహేను మైళ్లు వచ్చింది. తక్కిన ఒక్క మైలు గురించి ఆయన నన్ను ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున డబ్బాలు ఎక్కించి చూసేసరికి పెద్దమ్మ సద్దిమూట పట్టుకుని సీటు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు పీట కూడా అక్కరలేదు, తనంతట తనే ఎక్కింది.

"పెద్దమ్మా, ఇగ కాపలా అవసరం లేదు."

"కాపలాకు ఎవరొచ్చిండ్రు? అమ్రాబాద్ దిక్కు అడివి ఉంటదట గద. లింగాల గట్టు కాడికన్న పోయొద్దామని వాణ్ణి అడిగిన, సరే అన్నడు. ముందు నాగర్‌కర్నూల్ల దించు, గాజులు కొనేది ఉన్నది, మా కోడండ్లకు."

దారంతా ఆమె ఇటూ అటూ చూస్తూ, కనిపించిన ప్రతి చేనూ ఎవరిదని నన్ను అడుగుతూనే ఉంది. సగానికి పైగా నాకు తెలియదు. తెలిసినట్టే చెప్పాను.